స్ప్రే సెంటు దుబాయ్‌కి విమానంలో పంపాలి. "కాస్మెటిక్స్" అని రాసి పంపేయమంటున్నారు, రాయొచ్చా?

గోదారి_పరిమళం:

అందరికీ నమస్కారమండి. మాది రాజమండ్రి. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చేశాం. ఉప్పల్‌లో ఒక ఇంటి కింది పోర్షన్ అద్దెకు తీసుకుని నాలుగేళ్లుగా సెంట్లు చేస్తున్నాను. నేను, ఇద్దరు అమ్మాయిలు, ఒక ఫిల్లింగ్ మెషిను, సీసా మూతి నొక్కే క్రింపింగ్ మెషిను. అంతే మా ఫ్యాక్టరీ. కాస్మెటిక్ లైసెన్సు, ఎక్స్‌పోర్టుకి ఐఈసీ కోడు ఉన్నాయి, వాటి గురించి బెంగ లేదు.

నా దగ్గర రెండు రకాల సరుకుంది. ఒకటి నూనె బేసు మీద చేసే 8 మి.లీ. రోల్-ఆన్ అత్తర్లు. మొగలి, సంపెంగ, నారింజ. రెండోది 50 మి.లీ. గాజు సీసాలో స్ప్రే, తొలకరి పడినప్పుడు వచ్చే మట్టివాసన. ఇందులో 80 శాతం దాకా ఇథనాలే ఉంటుంది.

దుబాయ్ కరామాలో షాపున్న ఒకాయన ఈ స్ప్రే 96 సీసాలు కావాలన్నాడు. సెంట్ల ఊరికి సెంటు పంపడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులేనని మావారు ఒకటే నవ్వు. కానీ ఆయనకి కావాల్సింది ఊదు కాదండి, మన ఊరి వాన వాసన. అక్కడ వానలెక్కడ, అందుకే అమ్ముడుపోతుందన్నాడు.

ముందు శాంపిల్‌కి ఆరు సీసాలు మా వీధి చివరి కొరియర్ కౌంటర్లో ఇచ్చాను. ఏముందమ్మా అంటే సెంటన్నాను. "సెంటని రాస్తే పోదు మేడమ్, హ్యాండీక్రాఫ్ట్స్ అని రాయండి" అన్నాడు ఆ కుర్రాడు. రాశాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. పంతొమ్మిదో రోజున డబ్బా ఎర్ర స్టిక్కరుతో వెనక్కొచ్చింది. కోసి చూసి మళ్లీ టేపేశారు. ఆరింట్లో రెండు సీసాలు లేవు, ఎవరి చంకల్లో గుబాళిస్తున్నాయో తెలీదు.

ఇప్పుడు అసలు ఆర్డరుకి ఇద్దర్ని అడిగాను. ఒకాయన 14 వేలన్నాడు. "కాస్మెటిక్స్ అని రాసి ఎక్కించేద్దాం, లోపల మనవాళ్లున్నారు" అట. రెండో ఆయన 41 వేలన్నాడు. ఇది డీజీ, అంటే ప్రమాదకరమైన సరుకు, యూఎన్ బాక్సు కావాలి, డిక్లరేషన్ కావాలి, ఎంఎస్‌డీఎస్ (సరుకులో ఏముందో, ఎంత ప్రమాదమో చెప్పే కాగితం) కావాలి అని పెద్ద చిట్టా చదివాడు. 41 వేలు పెడితే నాకు మిగిలేది సీసా మూతలేనండి.

ఒంటికి కొట్టుకునే సెంటు ప్రమాదకరం ఎలా అవుతుంది? రోల్-ఆన్లకీ ఇదే గొడవా? ఎంఎస్‌డీఎస్ అయితే మా స్నేహితురాలు ఒకటి సంపాదించి, పైన పేరు మార్చి ఇచ్చింది. అందులో 14వ సెక్షన్లో "నాట్ రెగ్యులేటెడ్" అని ఉంది. అది చూపిస్తే సరిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, పుణ్యముంటుంది.

ఆదివారం_మనిషి:

ఇంత తతంగం ఎందుకండీ. దుబాయ్ వెళ్లే చుట్టం ఎవరో ఒకరుంటారు. సూట్‌కేసులో తలా పాతిక సీసాలు సర్దేస్తే నాలుగు ట్రిప్పుల్లో అయిపోతుంది. మా బావమరిది ఆవకాయ అలాగే పంపిస్తాడు.

శంషాబాద్_కార్గో:

మేడమ్ గారూ, నేను కార్గోల 2004 నుంచి ఉన్న. బేగంపేటల మొదలుపెట్టిన. 2008 మార్చిల ఎయిర్‌పోర్టు శంషాబాద్‌కు మారితే నేను గూడ మారిన. ఇప్పుడు డీజీ యాక్సెప్టెన్స్ టేబుల్ కాడ కూసుంట. అంటే మీ అసొంటోళ్ల డబ్బా వస్తే, చెక్‌లిస్టు పట్టుకొని తీసుకోవాల్నా వాపస్ పంపాల్నా అని చూసేది నేనే. కొంచెం పొడుగైతది, ఓపిక పట్టున్రి.

ముందుగాల సూట్‌కేస్ ముచ్చట. అన్నా, ప్యాసింజర్ తన వాడకానికి సెంట్లు, స్ప్రేలు తీసుకపోవచ్చు. అన్నీ కలిపి 2 లీటర్లు లేదా 2 కిలోలు, ఒక్కో సీసా అర లీటరు దాటొద్దు. గది సొంత వాడకానికి. షాపుల అమ్మే సరుకు పాతిక సీసాలు చుట్టం పెట్టెల పెడితే అక్కడి కస్టమ్స్ కాడ నిలబడేది చుట్టమే, మీరు గాదు. ఆవకాయ సంగతి వేరు, ఆవకాయకు అగ్గి అంటుకోదు.

ఇగ మేడమ్ గారి సంగతి. సెంటు బాంబు గాదు. గని పెట్రోలు ఏ క్లాసుల ఉంటదో అదే క్లాసుల ఉంటది. క్లాస్ 3, మండే ద్రవాలు. దీని నంబరు యూఎన్ 1266, పేరు "పెర్ఫ్యూమరీ ప్రొడక్ట్స్". మీరు సెంటనండి, అత్తరనండి, మట్టివాసన అనండి, కాయితం మీద మాత్రం ఇదే పేరు. ఇథనాల్ 80 శాతం అన్నరు గాబట్టి ప్యాకింగ్ గ్రూప్ 2, అంటే ప్రమాదంల నడిమి మెట్టు అయితది.

డీజీ అనంగనే పోనియ్యరు అనుకుంటరు చానమంది. రోజూ పోతనే ఉంటయి. ఎంత, ఏ డబ్బాల, ఏ విమానంల అన్నదే లెక్క. మీ లెక్క చేద్దాం. 96 సీసాలు, ఒక్కోటి 50 మి.లీ., మొత్తం 4.8 లీటర్లు. ప్యాకింగ్ ఇన్‌స్ట్రక్షన్ 353 ప్రకారం ప్యాసింజర్ విమానంల ఒక డబ్బాకు 5 లీటర్ల దాక పెట్టొచ్చు. అంటే మీ ఆర్డరు మొత్తం ఒక్క డబ్బాల పట్టింది, ఇంకా 200 మి.లీ. జాగ మిగిలింది! మీ 41 వేల ఆయన ఎన్ని డబ్బాలు లెక్కేసిండో అడగున్రి. ఐదు అంటడని నా అనుమానం.

ఎందుకంటే ఇంకో తొవ్వ ఉంది, లిమిటెడ్ క్వాంటిటీ, అంటే తక్కువ మోతాదు అని. దాని ప్యాకింగ్ ఇన్‌స్ట్రక్షన్ నంబరు వై341. దానికి యూఎన్ ముద్ర ఉన్న బాక్సు అక్కర్లేదు. మంచి గట్టి కార్టన్ చాలు, 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడేసినా, మీద మూడు మీటర్ల ఎత్తు బరువు 24 గంటలు పెట్టినా తట్టుకోవాలె. బాక్సు పైసలు మిగులుతయని చానమంది దీనికే మొగ్గుతరు. గని డబ్బాకు ఒక్క లీటరే. 20 సీసాలకు ఒకటి, ఐదు డబ్బాలు. డీజీ చెకింగ్ ఛార్జీ డబ్బాల లెక్కన వేసే కాడ అక్కడే మునుగుతరు. డిక్లరేషన్ ఎట్లాగూ తప్పదు. పైంగ చాలా ఎయిర్‌లైన్లు లిమిటెడ్ క్వాంటిటీని అసలే తీసుకోవు. ఐఏటీఏ (ఎయిర్‌లైన్ల సంఘం) డీజీ రూల్స్ పుస్తకంల ఒక్కో ఎయిర్‌లైన్ సొంత షరతులు, ఒక్కో దేశం సొంత షరతులు వేరే ఉంటయి. బుకింగ్ చేసే ముందు అవి చూడాలె. పుస్తకం గూడ ప్రతి జనవరి 1న కొత్తది వస్తది, పోయినేడుది చూసి చెప్పేటోళ్ల మాట నమ్మకున్రి.

డబ్బా సంగతి. యూఎన్ బాక్సు మీద ఒక గుండ్రంల "యూ ఎన్" అక్షరాలు, పక్కన 4జీ (అట్టపెట్టె అని గుర్తు) అని, ఆ తర్వాత ఎక్స్ గని వై గని జెడ్ గని ఉంటది. ఎక్స్ అన్ని గ్రూపులకు, వై గ్రూప్ 2, 3కు, జెడ్ ఒక్క మూడుకే. మీకు వై చాలు. గని ఇక్కడో మెలిక ఉంది. మామూలు 4జీ బాక్సును ఏ సీసాలు పెట్టి, ఏ మెత్తటి సామాను పెట్టి పరీక్ష చేసిన్రో గదే తీరుగ మీరు గూడ పెట్టాలె. మీ సీసా వేరే ఆకారం అయితే ఆ సర్టిఫికెట్ మీకు అక్కరకు రాదు. అందుకే చిన్న వ్యాపారం చేసేటోళ్లకు నేను 4జీవీ చెప్త. దాంట్ల లోపలి సీసా ఏదైనా పెట్టుకోవచ్చు, ద్రవం పీల్చే సామాను మాత్రం దండిగ పోయాలె. వర్మిక్యులైట్ వాడున్రి. రంపపు పొట్టు, గడ్డి అసొంటివి వద్దు. 1973ల బోస్టన్ కాడ ఒక బోయింగ్ 707 కార్గో విమానం కూలింది. అండ్ల నైట్రిక్ యాసిడ్ సీసాలను రంపపు పొట్టుల ప్యాక్ చేసిన్రు. యాసిడ్ కారి, పొట్టు రాజుకొని, కాక్‌పిట్ నిండ పొగ. ముగ్గురు పోయిన్రు. మీది యాసిడ్ గాదు గని పొట్టు కనపడితే నాకు గదే యాదికొస్తది.

ఇంక సీసాలు నిండ నింపకున్రి. 55 డిగ్రీల వేడికి గూడ ద్రవం ఉబ్బి సీసా మొత్తం నిండొద్దు. మే నెలల దుబాయ్ రన్‌వే పక్కన ట్రాలీ మీద మీ డబ్బా ఉంటదని అనుకొని నింపున్రి. లోపలి సీసా 95 కిలోపాస్కల్ ప్రెషర్ తేడాకు గూడ కారొద్దు. క్రింపింగ్ మంచిగ ఉంటే బాధ లేదు, మీద మూత ఊడకుండ టేపు చుట్టున్రి.

డిక్లరేషన్ గురించి. దాని రెండు అంచులకు ఎర్ర గీతలుంటయి, చూస్తెనే తెలుస్తది. "షిప్పర్స్ డిక్లరేషన్" అంటరు. షిప్పర్ అంటే ఎవరు? మీరే. అండ్ల సంతకం పెట్టేటోళ్లకు డీజీ ట్రైనింగ్ ఉండాలె, 24 నెలలకోసారి మళ్ల చెయ్యాలె. మీకు లేదు గాబట్టి ట్రైనింగ్ ఉన్న ప్యాకింగ్ ఏజెన్సీని పట్టుకొని రాతపూర్వకంగ అధికారం ఇయ్యున్రి, వాళ్లు ప్యాక్ చేసి కాయితాలు తయారుచేస్తరు. సరుకేందో వాళ్లకు నిజం చెప్పాల్సిన బాధ్యత మాత్రం మీ మీదనే ఉంటది.

ఇగ 14 వేలాయన. "కాస్మెటిక్స్" అని రాసిన ప్రతి డబ్బా మాకు అనుమానమే. "హౌస్‌హోల్డ్ గూడ్స్", "శాంపిల్స్", "హెర్బల్ ప్రొడక్ట్స్" అని రాసినా అంతే. ఇసొంటి పేర్ల కింద ఏం దాక్కుంటదో మాకు ట్రైనింగ్‌లనే చెప్తరు. ఎక్స్-రేల 96 సీసాలు వరుసగ నిలబడి కనపడుతయి, ఇంకేం దాస్తరు?

ఒక ముచ్చట చెప్త. 2000 మార్చి 15న బీజింగ్ నుంచి కౌలాలంపూర్‌కు ఒక ప్యాసింజర్ ఏ330 వచ్చింది. సరుకు అక్కడి నుంచి మన చెన్నైకి పోవాల్సింది. 80 డబ్బాలు. కాయితం మీద హైడ్రాక్సీక్వినొలీన్ అని ఉంది, అంటే ప్రమాదం లేని పొడి అని చూపిన్రు. లోపల ఉన్నది ఆక్సలైల్ క్లోరైడ్, గాలిల తేమ తగిలితేనే విష వాయువులు చిమ్మే యాసిడ్ రకం. కారింది. సామాను దించే కూలీలు ఐదుగురు దవాఖాన పాలైన్రు. విమానం లోహాన్ని యాసిడ్ తినేసింది, రిపేరు ఖర్చు చూసి దాన్ని తుక్కు కిందనే లెక్కగట్టిన్రు. 2007ల బీజింగ్ కోర్టు, పంపిన చైనా కంపెనీని 65 మిలియన్ డాలర్లు కట్టమన్నది. ఆ కారుడు ఒక రెండు మూడు గంటలు ముందుగాల, గాలిల ఉండంగ అయితే? కౌలాలంపూర్ దాటి చెన్నై విమానంల అయితే? నేను కొత్తవాళ్లకు ఈ కథ చెప్పకుండ టేబుల్ కాడ కూసోనియ్య.

మీ సెంటు అట్ల చెయ్యదు, నాకెరుకే. గని మీ డబ్బా పక్కన ఏం డబ్బా పెట్టాలె, ఏది పెట్టొద్దు అని మేం చూసేది మీరు రాసిన కాయితం చూసే. విమానం లేచే ముందు కెప్టెన్ చేతిల నోటాక్ అని ఒక లిస్టు పెడతం. ఏ డీజీ ఎక్కడుందో అండ్ల ఉంటది. మీరు కాస్మెటిక్స్ అంటే ఆ లిస్టుల మీ డబ్బా ఉండదు.

రోల్-ఆన్ల సంగతి ఫ్లాష్ పాయింట్ మీద ఆధారపడుతది. అది నా పని గాదు, కెమిస్టులు ఎవరన్న చెప్పాలె.

జీడిమెట్ల_కెమిస్ట్:

కార్గో అన్న నన్నే పిలిచినట్టుంది. నేను ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తాను.

ఫ్లాష్ పాయింట్ అంటే ద్రవం పైన ఉన్న ఆవిరికి నిప్పు చూపిస్తే భగ్గుమనే కనీస ఉష్ణోగ్రత. మూతున్న చిన్న గిన్నెలో పోసి మెల్లగా వేడిచేస్తూ మధ్యమధ్యలో చిన్న మంట చూపిస్తాం. ఇథనాల్‌ది 13 డిగ్రీల దగ్గర. మన హైదరాబాద్‌లో గది ఎప్పుడైనా 13 డిగ్రీలుంటుందా? డిసెంబరు తెల్లవారుజామున తప్ప ఉండదు. అంటే మీ స్ప్రే సీసా మూత తీసిన ప్రతిసారీ అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. ఒంటికి కొట్టుకునేదే కదా అన్నారు. నిజమే, కానీ ఒంటికి కొట్టేది నాలుగు చుక్కలు, కార్టన్లో ఉన్నది ఐదు లీటర్లు. మీ ఫిల్లింగ్ గదిలో స్విచ్ బోర్డు ఎక్కడుందో కూడా ఒకసారి చూసుకోండి, ఇది మీరు అడగలేదనుకోండి.

విమానంలో లెక్క ఇది: ఫ్లాష్ పాయింట్ 60 డిగ్రీలు దాటిందా లేదా. 60, అంతకన్నా తక్కువైతే క్లాస్ 3. అందులో 23 కన్నా తక్కువైతే గ్రూప్ 2, 23 నుంచి 60 వరకు గ్రూప్ 3. నీళ్లలో కలిపిన ఆల్కహాల్ 24 శాతం లోపుంటే దానికి మినహాయింపుంది, పన్నీరులాంటివి అలా బయటపడతాయి. మీ 80 శాతానికి ఆ దారి లేదు.

రోల్-ఆన్ల గురించి తొందరపడి "నూనెలే కదా" అనుకోకండి. చందనం నూనె ఫ్లాష్ పాయింట్ 100 పైనే. దాని మీద దించిన అత్తరు మామూలుగా క్లాస్ 3 కాదు. కానీ నారింజ, నిమ్మ తొక్కల నూనెల్లో ఉండేది ఎక్కువగా లిమోనీన్. దాని ఫ్లాష్ పాయింట్ 48 దగ్గర. బేసు నూనెలో కొంచెం కలిపినా మొత్తం మిశ్రమం ఎంతకు పడిపోతుందో లెక్కగట్టి చెప్పలేం, కొలవాల్సిందే. మూడు రకాలూ విడివిడిగా టెస్టు చేయించండి, ఒక్కోదానికి ఒక్కో రిపోర్టు తీసుకోండి.

కొన్ని సువాసన నూనెలు చేపలకూ నీటి జీవులకూ విషం. వాటికి యూఎన్ 3082 నంబరు, క్లాస్ 9. ఆ మాట వినగానే కంగారుపడక్కర్లేదు. సీసాలో 5 లీటర్లు దాటకపోతే స్పెషల్ ప్రొవిజన్ ఏ197 కింద వదిలేస్తారు. మీది 8 మి.లీ.

ఇక ఆ ఎంఎస్‌డీఎస్. పేరు మార్చిన ఎంఎస్‌డీఎస్ అంటే నాకు ఒళ్లు మండుతుంది, ఏమనుకోకండి. అందులో 16 సెక్షన్లుంటాయి. అందరూ 14 ఒక్కటే చూస్తారు. నేను ముందు 3 చూస్తాను, అంటే లోపల ఏముందో. తర్వాత 9, ఫ్లాష్ పాయింట్. అప్పుడు 14. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి. మీ కాగితంలో 3, 9 సెక్షన్లలో ఏముందో ఇక్కడ రాస్తారా?

గోదారి_పరిమళం:

కెమిస్ట్ గారూ, చూశానండి. సిగ్గుగా ఉంది. సెక్షన్ 3లో కొబ్బరి నూనె, భృంగరాజ్, విటమిన్ ఈ అని ఉన్నాయి. సెక్షన్ 9లో ఫ్లాష్ పాయింట్ 200 పైన అట. ఇది ఎవరిదో తలనూనె కాగితం! పైన మాత్రం "మట్టివాసన పెర్ఫ్యూమ్" అని ముచ్చటగా ఉంది. మా స్నేహితురాలికి ఫోన్ చేస్తే "రెండూ ఒంటికి రాసుకునేవే కదే" అంది.

కార్గో అన్నగారూ, మీరన్నది నిజమే. 41 వేలాయన ఐదు డబ్బాలే లెక్కేశాడట. ఒక్క డబ్బాకి మళ్లీ ధర చెప్పమన్నాను.

కరామా_బాబాయ్:

అమ్మాయ్, నేను దుబాయ్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను, మాది నరసాపురం పక్కన. దింపుకునే వైపు నుంచి రెండు మాటలు. అక్కడ కష్టపడి విమానం ఎక్కించాక ఇక్కడ ఆగిపోయిన సరుకులు బోలెడు చూశాను. సెంట్లయినా సబ్బులయినా అమ్మాలంటే దుబాయ్ మున్సిపాలిటీలో రిజిస్టర్ చేయించాలి, మోంతాజీ అంటారు. అది నీ షాపాయన పని, కానీ చేశాడో లేదో డబ్బా కదలకముందే కాగితం పంపించమను. "చేసేస్తాలే" అంటే చేయలేదనే అర్థం, ఏ భాషలోనైనా.

ఇంకో మాట. మొదటి ఆర్డరు విమానంలో పంపు, తప్పు లేదు. రెండోసారి వెయ్యి సీసాలడిగితే మాత్రం ఓడ గురించి ఆలోచించు. ఇక్కడి జెబెల్ అలీ రేవుకి ఓడలో లిమిటెడ్ క్వాంటిటీ నిబంధన చాలా సుళువు. విమానంలోలాగా డబ్బాకి లీటరు అనే పట్టింపు లేదు, మొత్తం బరువు 30 కిలోలు దాటకపోతే చాలు. వానకి తొందరేముంది, ఇక్కడ ఎలాగూ పడదు.

గోదారి_పరిమళం:

మూడు వారాల తర్వాత వస్తున్నానండి, ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు.

టెస్టు రిపోర్టులు వచ్చాయి. స్ప్రే 18 డిగ్రీలు. మొగలి, సంపెంగ రెండూ 100 పైనే, వాటికి గొడవే లేదట. నారింజ మాత్రం 57! మూడంటే మూడు డిగ్రీల్లో చిక్కుకుంది. కెమిస్ట్ గారు చెప్పకపోయుంటే దాన్ని కూడా "నూనెలే కదా" అని పంపేసేదాన్ని.

కొత్త ఎంఎస్‌డీఎస్ నా ఫార్ములాతోనే చేయించాను. ప్యాకింగ్ ఏజెన్సీ వాళ్లు 4జీవీ బాక్సులో 96 సీసాలూ సర్దారు. మా అమ్మాయిలిద్దరూ వెళ్లి చూసొచ్చారు. వర్మిక్యులైట్ పోస్తుంటే మన నర్సరీలో కుండీల్లో పోసేదే కదా అని ఆశ్చర్యపోయారు. నిజమే, కడియంలో బస్తాలు బస్తాలుగా చూశాను చిన్నప్పుడు, అది విమానం ఎక్కుతుందని ఎవరనుకుంటారు.

అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నామా, డబ్బా మొదటిరోజు వెనక్కొచ్చింది. ఎందుకో తెలుసా? ఏజెన్సీలో ప్రింటర్ రంగు అయిపోయిందని డిక్లరేషన్ పక్కనున్న జిరాక్స్ షాపులో తీయించారట. నలుపూ తెలుపూ. ఎర్ర గీతలన్నీ బూడిద రంగు. పైగా మొదట "పెర్ఫ్యూమ్" అని రాసి, వైట్‌నర్ పూసి, దానిమీద "పెర్ఫ్యూమరీ ప్రొడక్ట్స్" అని రాశారు. టేబుల్ దగ్గరున్నాయన ఒక్క క్షణం చూసి పక్కన పెట్టేశాడట. అది మీరేనా అన్నగారూ? మీరే అయితే కోపం లేదండి. మర్నాడు రంగుల్లో కొత్త ప్రింట్లు తీసుకెళితే తీసుకున్నారు. నాలుగో రోజున కరామాలో దిగింది. ఒక్క సీసా కూడా కారలేదు, పోలేదు. మోంతాజీ కాగితం ముందే తెప్పించుకున్నాను బాబాయ్ గారూ, మీరన్నట్టే "చేసేస్తాలే" అన్నాడు మొదట.

ఖర్చు మొత్తం టెస్టులు కాకుండా 23 వేలు చిల్లర అయింది. మిగిలింది తక్కువే కానీ మిగిలింది.

ఇప్పుడు ఆయన నారింజ రోల్-ఆన్లు 60 అడుగుతున్నాడు. ఒక్కోటి 8 మి.లీ. దీనికీ యూఎన్ బాక్సు, ఎర్ర గీతల కాగితం మొత్తం మళ్లీ మొదలా? మొగలి, సంపెంగ కూడా తలా 60 కావాలట.

శంషాబాద్_కార్గో:

నేను గాదు మేడమ్, ఆ దినం నాది సెలవు. గని నేనున్నా గదే చేస్తుంటి. దిద్దితే దిద్దిన కాడ సంతకం పెట్టాలె, వైట్‌నర్ చూస్తే మాకు సెక్షన్ 14 దాక పోబుద్ధి గాదు.

మొగలి, సంపెంగ డీజీ గావు. రిపోర్టులు, ఎంఎస్‌డీఎస్ జత చేసి, ఎయిర్‌వే బిల్లు (విమానంల పంపే సరుకు రసీదు) మీద "నాట్ రిస్ట్రిక్టెడ్" అని రాయించి మామూలు సరుకు తీరుగ పంపున్రి. అవి, నారింజ ఒకే కార్టన్ల కలపకున్రి, వేరేగ పెడితే మీకే నిమ్మళం.

నారింజకు మీ అదృష్టం బాగుంది. సీసా చిన్నది. ఎక్సెప్టెడ్ క్వాంటిటీ, అంటే మరీ చిన్న మోతాదుకు మినహాయింపు అని ఉంటది, లోపలి సీసా 30 మి.లీ. లోపు ఉండాలె. మొదటిసారి మీ 50 మి.లీ. స్ప్రేకు గది పనికిరాలే, అందుకే చెప్పలే. గ్రూప్ 3 గాబట్టి డబ్బాకు మొత్తం లీటరు దాక పోతది. మీవి 60 ఇంటూ 8, 480 మి.లీ. ఒక్క డబ్బాల సగం గూడ గాదు. డిక్లరేషన్ అక్కర్లే, యూఎన్ బాక్సు అక్కర్లే. ఎయిర్‌వే బిల్లు మీద "డేంజరస్ గూడ్స్ ఇన్ ఎక్సెప్టెడ్ క్వాంటిటీస్" అని, ఎన్ని డబ్బాలో రాయాలె. సీసాలను మధ్యల ఇంకో డబ్బాల పెట్టి, పీల్చే సామాను వేసి, అప్పుడు బయటి కార్టన్. 1.8 మీటర్ల నుంచి పడేస్తే తట్టుకునేది తీసుకోవాలె.

దాని మార్కు గూడ అంచులకు గీతలున్న (ఎర్రవి గని నల్లవి గని) చతురస్రమే, నడుమ క్లాస్ నంబరు, మీ పేరో వాళ్ల పేరో. కొలత 10 సెంటీమీటర్లు ఇంటూ 10 సెంటీమీటర్లు. 60 రోల్-ఆన్లకు మీరు చిన్న డబ్బా కొంటరు, ఆ మార్కు ఒక ముఖం మీద మడత పడకుండ పడుతదా లేదా కొలిచి కొనున్రి. జిరాక్స్ షాపుల మాత్రం తీయించకున్రి.